అమరుడు షోయబుల్లా ఖాన్ : శిక్ష వేసే హక్కు ఎవరిది?



నేరం చేసినవాడికి శిక్ష పడాలి అన్న దాంట్లో ఎవరికీ రెండో మాట లేదు. అయితే ఆ శిక్ష ఎవరు వెయ్యాలి, ఎందుకు వెయ్యాలి, ఎంతవరకు వెయ్యాలి అన్న దగ్గర మాత్రం మనుషులు తరచుగా దారి తప్పుతూ వచ్చారు. ఈ సంగతిని వట్టి సిద్ధాంతంగా చెప్పుకుంటే తలకెక్కదు. ఒక మనిషి జీవితాన్ని ముందు పెట్టుకుని చెప్పుకుంటే మనసుకెక్కుతుంది. ఆ ఉద్దేశంతోనే మన పొరుగు ప్రాంతంలో పుట్టి, 27 ఏళ్ళ వయసులోనే ప్రాణాలర్పించిన పత్రికా సంపాదకుడు మరహూం షోయబుల్లా ఖాన్ గారి జీవిత చరిత్రను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

జననము, విద్య

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబర్ 17వ తేదీన సుబ్లేడు గ్రామంలో జన్మించారు. ఆ ఊరు అప్పట్లో నిజాం రాజ్యపు వరంగల్ జిల్లాలో ఉండేది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. సూర్యాపేట వాళ్ళకూ, ఆత్మకూర్ వాళ్ళకూ అది పరాయి సీమ ఏమీ కాదు. అవే చెరువులు, అవే పొలాలు, అదే ఉర్దూ కలిసిన తెలుగు మాట.

తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసులో ఉద్యోగం చేసేవారు. సిరిసంపదలున్న ఇల్లు కాదు. అయినా కొడుకును పై చదువులు చదివించాలన్న పట్టుదల ఆ తల్లిదండ్రులకు ఉండేది. షోయబుల్లా ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పట్టభద్రులయ్యారు. ఆ రోజుల్లో ఉస్మానియా పట్టా చేతికొచ్చిన ముస్లిం యువకుడికి సర్కారు నౌకరీ అందరాని పండు కాదు. నెల తిరిగేసరికి జీతం, నలుగురిలో గౌరవం, ఇంటికి ఆసరా అన్నీ దొరికేవి. వారు ఆ దారిన పోలేదు. పత్రికా రచనను ఎంచుకున్నారు.

కలం పట్టిన రోజులు

తొలుత తేజ్ అనే ఉర్దూ పత్రికలో పనిచేశారు. నిజాం ప్రభుత్వాన్ని విమర్శించే రాతల మూలాన ఆ పత్రిక మూతపడింది. తర్వాత మందుముల నరసింగరావు గారు నడిపిన రయ్యత్ పత్రికలో చేరారు. రయ్యత్ అంటే రైతు, ప్రజ. పేరుకు తగినట్టే అది పల్లెల్లో వెట్టిచాకిరీ, దేశ్‌ముఖుల దౌర్జన్యాలు, అధికారుల లంచాలు బయటపెట్టింది. దాన్ని కూడా సర్కారు బ్రతకనివ్వలేదు.

రెండు పత్రికలు పోయాక మరొకరైతే ఇక చాలు అనుకుని ఊరుకునేవారు. షోయబుల్లా తానే ఒక పత్రిక పెట్టడానికి పూనుకున్నారు. ఇంట్లో ఉన్న నగలు సైతం దానికే ఖర్చయ్యాయని చెబుతారు. బూర్గుల రామకృష్ణారావు గారి వంటి పెద్దల తోడ్పాటు లభించింది. అలా 1947 నవంబర్ నెలలో ఇమ్రోజ్ దినపత్రిక ప్రారంభమైంది. ఇమ్రోజ్ అంటే నేడు, ఈ రోజు అని అర్థం.

ఆ నేడు ఎలాంటిదో మన పెద్దల నోట విన్నవారికి తెలుసు. దేశమంతటికీ స్వాతంత్ర్యం వచ్చింది, హైదరాబాద్ రాజ్యానికి రాలేదు. ఒకపక్క సూర్యాపేట, జనగామ, హుజూర్‌నగర్ తాలూకాల్లో భూమి కోసం, వెట్టి నుంచి విముక్తి కోసం రైతాంగ పోరాటం సాగుతోంది. ఇంకోపక్క ఖాసిం రజ్వీ నాయకత్వాన రజాకార్ల దళాలు ఊళ్ళమీద పడుతున్నాయి. పోరాటం చేసేవాడు కమ్యూనిస్టా, కాంగ్రెస్సా, ఏమీ ఎరుగని కూలివాడా అని చూసేవాళ్ళు లేరు. దాడి చేసి, ఇళ్ళు తగలబెట్టి, దానికి శిక్ష అని పేరు పెట్టేవారు.

షోయబుల్లా దీన్ని చూసి ఊరుకోలేదు. 1948 జనవరి ఆఖరులో ఆయన రాసిన ఒక సంపాదకీయం బాగా పేరుపొందింది. రాజ్యంలో పగలొక ప్రభుత్వం, రాత్రొక ప్రభుత్వం నడుస్తున్నాయన్నది దాని సారాంశం. పగలు కచేరీలు, మున్సిఫ్‌లు, చట్టాలు ఉంటాయి. రాత్రయితే తుపాకులు, కత్తులు పట్టుకున్నవాడే మున్సిఫ్. ఈ రెండో ప్రభుత్వాన్ని చూసీ చూడనట్టు ఊరుకునే మొదటి ప్రభుత్వం తన పరువును తానే పోగొట్టుకుంటుందని వారి వాదన.

ఆ ఏడు ఆగస్టులో బాకర్ అలీ మీర్జా, ఫరీద్ మీర్జా మొదలైన ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఒక ప్రకటన విడుదల చేశారు. రజాకార్ల ఆగడాలు ఆగాలనీ, హైదరాబాద్ భారత యూనియన్‌లో చేరడమే అందరికీ, ముఖ్యంగా ముసల్మానులకు, మేలనీ అందులో చెప్పారు. దాన్ని షోయబుల్లా తన పత్రికలో అచ్చువేశారు. ఆగస్టు 19వ తేదీన హైదరాబాద్‌లోని జమర్రుద్ మహల్‌లో జరిగిన సభలో ఖాసిం రజ్వీ, తమకు వ్యతిరేకంగా లేచే చేతులను నరకాలన్న అర్థం వచ్చేలా ప్రసంగించాడని చరిత్రకారులు రాశారు. మిత్రులు జాగ్రత్తగా ఉండమన్నారు. షోయబుల్లా ఆఫీసుకు వెళ్ళడం మానలేదు.

ఆగస్టు 21 రాత్రి

1948 ఆగస్టు 21వ తేదీ రాత్రి బాగా పొద్దుపోయాక షోయబుల్లా పని ముగించుకుని కాచిగూడ ఆఫీసు నుంచి ఇంటికి నడిచి వస్తున్నారు. వెంట బావమరిది ఇస్మాయిల్ ఖాన్ ఉన్నారు. దారిలో కాపుకాసిన దుండగులు తుపాకీతో కాల్చి, కింద పడ్డ మనిషి మీద కత్తులతో విరుచుకుపడ్డారు. రాసే చేతిని నరికారు. అడ్డుపడ్డ ఇస్మాయిల్ ఖాన్ చేతిని కూడా తెగనరికారు. తెల్లవారక ముందే, 22వ తేదీన, షోయబుల్లా కన్నుమూశారు. ముసలి తల్లిదండ్రులు, భార్య దిక్కులేనివారయ్యారు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. చంపదలచినవాడికి తుపాకీ చాలు. మరి చెయ్యి నరకడం ఎందుకు? దాన్ని ఒక శిక్షలాగా జనానికి చూపించడం కోసం. రాసేవాళ్ళందరికీ గుర్తుండిపోవడం కోసం. చెయ్యి నరకడం అన్న మాటకు మన మతగ్రంథంలో ఉన్న చోటును ఈ ఘాతుకానికి ముసుగుగా కప్పడం కోసం. కాబట్టి ఆ ముసుగు తీసి చూడడం మన బాధ్యత.

దీన్ ఏమి చెబుతుంది

దొంగతనానికి చేతిని తీసేసే శిక్ష ఖుర్ఆన్‌లో ఉన్నమాట నిజం. అయితే ఫిఖహ్ పండితులు దాని చుట్టూ ఎన్ని కంచెలు కట్టారో చాలామందికి తెలియదు. తీసిన సొత్తు నిర్ణీత విలువకు తగ్గకూడదు. అది భద్రపరచిన చోటు నుంచి తీసినదై ఉండాలి. సాక్ష్యం గట్టిగా ఉండాలి. ఏ మాత్రం సందేహం ఉన్నా హద్ శిక్ష ఆగిపోవాలి. అన్నిటికంటే ముఖ్యం, తీర్పు చెప్పేది ఖాజీ, అమలు చేసేది ప్రభుత్వం. వీధిలో పోయేవాడు ఎంత దీన్‌దారు అయినా వాడికి ఆ అధికారం లేదు. రాసిన రాతకు చెయ్యి నరికే శిక్ష ఏ మజ్‌హబ్‌లోనూ లేదు.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో, హిజ్రీ 18వ సంవత్సరం ప్రాంతంలో, అరేబియాలో ఘోరమైన కరువు వచ్చింది. ఆకలికి తట్టుకోలేక చేసిన దొంగతనాలకు ఆయన ఆ శిక్షను నిలిపివేశారు. ఇంకొక సంఘటన ఇమామ్ మాలిక్ గారి ముఅత్తాలో ఉంది. హాతిబ్ అనే పెద్దమనిషి బానిసలు ఒకరి ఒంటెను దొంగిలించి కోసుకుతిన్నారు. విచారించగా యజమాని వాళ్ళకు కడుపునిండా తిండి పెట్టడం లేదన్న అనుమానం ఖలీఫాకు కలిగింది. ఆయన బానిసల చేతుల జోలికి పోకుండా ఆ యజమాని చేతనే ఒంటె ఖరీదుకు రెండింతలు, 800 దిర్హాములు, నష్టపోయినవాడికి ఇప్పించారు. నేరం చేసిన చెయ్యి ఒకరిది, చేయించిన ఆకలి ఇంకొకరిది అని తెలుసుకున్న తీర్పు అది. నష్టపోయినవాడికి న్యాయం జరగడం, మళ్ళీ అలాంటి నేరానికి అవకాశం లేకుండా చెయ్యడం, ఈ రెండూ అందులో ఉన్నాయి.

ఇక శవాన్ని ఛిద్రం చెయ్యడం, అవయవాలు కొయ్యడం సంగతి. ఉహుద్ యుద్ధంలో ప్రవక్త (స) గారి పినతండ్రి హజ్రత్ హమ్జా (రజి) దేహాన్ని శత్రువులు ఛిద్రం చేశారు. ఆ దుఃఖంలో కూడా బదులు తీర్చుకోవడం జరిగిన దానికి మించకూడదని, ఓర్పు వహిస్తే అదే మేలని దైవాజ్ఞ వచ్చింది. దేహాలను ఛిద్రం చెయ్యడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. మక్కా విజయం రోజున చేతికి చిక్కిన శత్రువులను క్షమించి వదిలేశారు. హమ్జాను చంపిన వహ్షీ కూడా తర్వాత వచ్చి ఇస్లాం స్వీకరిస్తే వాడి ప్రాణానికి హాని తలపెట్టలేదు. హత్యకు కిసాస్ హక్కు ఇచ్చిన ఖుర్ఆనే, చనిపోయినవాడి బంధువులు క్షమిస్తే అది శ్రేష్ఠమని కూడా చెబుతోంది. ఒక జాతి మీద ఉన్న ద్వేషం న్యాయం తప్పేలా చెయ్యకూడదన్నది కూడా ఆ గ్రంథపు ఆజ్ఞే.

లోకజ్ఞుల మాట

మన దేశంలో అశోక చక్రవర్తి మరణశిక్ష పడినవారికి మూడు రోజుల గడువు ఇవ్వాలని స్తంభశాసనంలో చెక్కించాడు. ఆ మూడు రోజుల్లో బంధువులు ప్రాణభిక్ష కోసం ప్రయత్నించుకోవచ్చు, లేదా ఖైదీ పరలోకం కోసం దానధర్మాలు, ఉపవాసాలు చేసుకోవచ్చు. 1764లో ఇటలీ దేశస్థుడు బెక్కారియా నేరాలు, శిక్షల మీద ఒక పుస్తకం రాశాడు. శిక్ష ఎంత క్రూరంగా ఉంది అన్నదానికంటే, నేరం చేస్తే తప్పకుండా పడుతుంది అన్న నమ్మకమే నేరాలను ఆపుతుందని అతని వాదన. చిత్రహింసను, మరణశిక్షను అతడు వ్యతిరేకించాడు.

న్యాయశాస్త్రం చదివినవాళ్ళు శిక్షకు నాలుగు ప్రయోజనాలు చెబుతారు. చేసిన తప్పుకు తగిన ఫలితం ఇవ్వడం ఒకటి. ఇతరులకు హెచ్చరికగా ఉండడం రెండు. సమాజాన్ని కాపాడడం మూడు. తప్పు చేసినవాడిని తిరిగి మనిషిని చెయ్యడం నాలుగు.

కాచిగూడలో ఆ రాత్రి జరిగినదాన్ని ఈ నాలుగు కొలతలతో కొలిచి చూడండి. షోయబుల్లా చేసిన తప్పేమిటి? ఏమీ లేదు, కాబట్టి తగిన ఫలితం అన్న మాటే పుట్టదు. సమాజానికి ఆయన వల్ల అపాయం లేదు, పైగా అపాయాన్ని ముందుగా చెప్పినవాడు. సంస్కరించడానికి ప్రాణమే మిగల్చలేదు. ఇక మిగిలింది హెచ్చరిక ఒక్కటే. అపరాధం లేని చోట హెచ్చరిక అంటే వట్టి బెదిరింపు. పగ, బెదిరింపు శిక్ష వేషం వేసుకుని తిరుగుతాయి. దీన్ దృష్టిలో చూసినా, లోకపు చట్టం దృష్టిలో చూసినా ఆ వేషం నిలవదు.

పగకు పగ

షోయబుల్లా చనిపోయిన 26 రోజులకే, 1948 సెప్టెంబర్ 17న, నిజాం సైన్యం లొంగిపోయింది. పోలీసు చర్యతో రజాకార్ల పీడ విరగడైంది. కానీ ఆ తర్వాత చాలా జిల్లాల్లో ఏమి జరిగిందో కూడా చెప్పుకోకపోతే ఈ కథ సగమే అవుతుంది. రజాకార్లు చేసిన దానికి, రజాకార్లు కాని ముసల్మానులు బలయ్యారు. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ మొదలైనవారు ఆ ఏడు చివర్లో రాజ్యంలో పర్యటించి ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. మరణించినవారి సంఖ్య 27,000 నుంచి 40,000 వరకు ఉండవచ్చని వారి అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో నష్టం మరీ ఎక్కువ. తమ ప్రాణాలకు తెగించి ముస్లిం ఇరుగుపొరుగును ఇళ్ళలో దాచి కాపాడిన హిందూ సోదరుల సంగతి కూడా ఆ నివేదికలోనే ఉంది.

ఒకడు చేసిన నేరానికి వాడి పేరున్న ఇంకొకడిని కొట్టడం ఏ ధర్మంలో ఉంది? షోయబుల్లాను చంపినవాళ్ళు వాడిన తర్కం ఏదో, ఈ ఊచకోత చేసినవాళ్ళు వాడిన తర్కం కూడా అదే. విచారణ లేదు, సాక్ష్యం లేదు, ఎదుటివాడి మాట వినడం లేదు.

కోర్టు దారి

దీనికి భిన్నమైన దారి కూడా ఆ సంవత్సరాల్లోనే కనిపించింది. ఖాసిం రజ్వీని అరెస్టు చేసి, మన ఉమ్మడి నల్గొండ జిల్లాలోని బీబీనగర్ మీద 1948 జనవరిలో జరిగిన దాడి కేసులో ప్రత్యేక ట్రిబ్యునల్ ముందు నిలబెట్టారు. అతడికి వకీళ్ళు ఉన్నారు. సాక్షులను ప్రశ్నించే హక్కు ఉంది. అప్పీలు సుప్రీంకోర్టు దాకా పోయి 1953లో తీర్పు వచ్చింది. జైలు శిక్ష అనుభవించి 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. 1970లో అక్కడే చనిపోయాడు. షోయబుల్లాకు ఒక్క ప్రశ్న అడిగి జవాబు వినే అవకాశం కూడా ఎవరూ ఇవ్వలేదు. చేతులు నరకాలన్నవాడికి మాత్రం చట్టం తన మాట చెప్పుకునే అవకాశం ఇచ్చింది. ఇది కొందరికి మెతకదనంగా కనిపించవచ్చు. నిజానికి పగకూ న్యాయానికీ మధ్య ఉన్న గీటు ఇదే.

చట్టం కూడా తప్పు చెయ్యగలదు. ఆ రోజుల్లోనే తెలంగాణ రైతాంగ పోరాటానికి సంబంధించిన కేసుల్లో 12 మందికి ప్రత్యేక ట్రిబ్యునళ్ళు ఉరిశిక్ష వేశాయి. ఇంగ్లండు నుంచి న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చి వారి తరఫున వాదించారు. 1951లో సుప్రీంకోర్టులో వారి పిటిషన్లు నెగ్గకపోయినా, దేశదేశాల్లో లేచిన ఆందోళన వృథా పోలేదు. చివరికి వారికి ఉరి తప్పింది. వేసిన శిక్షను తిరిగి చూసుకునే కిటికీ చట్టంలో ఉంది కనుకనే వారు బ్రతికారు. చీకట్లో కత్తి ఎత్తినవాడి దగ్గర అలాంటి కిటికీ ఉండదు.

తర్వాత్తర్వాత మన న్యాయస్థానాలు శిక్షను సంస్కరణ వైపు తిప్పాయి. 1977లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక మోసం కేసులో జస్టిస్ కృష్ణ అయ్యర్ గారు, నేరస్థుణ్ణి రోగిలాగా చూసి బాగుచెయ్యాలన్న భావంతో జైలు కాలాన్ని తగ్గించారు. 1980లో మరణశిక్ష అత్యంత అరుదైన కేసులకే పరిమితం కావాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో చిన్న నేరాలకు సమాజసేవ కూడా ఒక శిక్షగా చేరింది.

మనం చెయ్యవలసింది

సభ్యులారా, ఇదంతా చదివి పాత కథే కదా అనుకోవద్దు. ఊళ్ళో ఎవడో కొత్తవాడు కనిపిస్తే దొంగ అని అనుమానించి స్తంభానికి కట్టి కొట్టడం నేటికీ అక్కడక్కడా జరుగుతూనే ఉంది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని ఒక పుకారు సెల్‌ఫోన్‌లో తిరిగితే చాలు, గుంపు పోగవుతుంది. ఆ గుంపులో మన పిల్లలు ఉండకూడదు. గుంపు చేతికి చిక్కినవాడు ఏ మతం వాడైనా వాడిని పోలీసుకు ప్రాణాలతో అప్పగించడం మన ధర్మం.

ఇంటి గొడవలు, భూమి తగాదాలు పెద్దమనుషుల ముందుకు వచ్చినప్పుడు రాజీ చెయ్యడం మంచిదే. కానీ కొట్టడం, వెలివెయ్యడం, జుర్మానా పేరుతో డబ్బు గుంజడం పెద్దమనుషుల పని కాదు. అది రాత్రి ప్రభుత్వం మన మొహల్లాలోకి రావడమే.

జైల్లో ఉన్నవాడి మాట కూడా మరువరాదు. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారికి 1987 చట్టం ప్రకారం న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. స్త్రీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సాయం ఉంది. మొదటిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీ, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే బెయిల్ మీద విడుదలకు కొత్త చట్టంలో వీలుంది. మరణశిక్షకు, యావజ్జీవానికి వీలున్న నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. మన బస్తీల్లో ఈ సంగతులు తెలియక మగ్గుతున్న కుటుంబం ఏదైనా ఉంటే, సభ్యులు దరఖాస్తు రాసిపెట్టి కోర్టు దాకా తోడు వెళ్ళినా అది గొప్ప ఖిద్మత్. జైలు నుంచి వచ్చినవాడికి పని ఇప్పించడం అంతకంటే గొప్పది. తండ్రి జైలుకు పోతే బిడ్డల బడి ఆగిపోకుండా చూడడం అన్నిటికంటే గొప్పది. శిక్ష తండ్రికి పడింది గాని పిల్లలకు పడలేదు.

షోయబుల్లా ఖాన్ బ్రతికి ఉంటే ఎన్ని సంపుటాలు రాసేవారో మనకు తెలియదు. వారి చెయ్యి నరికితే మాట ఆగిపోతుందని అనుకున్నవాళ్ళ లెక్క తప్పింది. పగటి ప్రభుత్వమే ప్రభుత్వం, విని చెప్పిన తీర్పే తీర్పు అన్న ఆయన మాట ఇప్పటికీ మనకు దారి చూపుతోంది. అల్లాహ్ మరహూంకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. మన చేతులను జుల్మ్ నుంచి, మన మనసులను పగ నుంచి కాపాడుగాక. ఆమీన్.